జోడీ మారాక ఫూ హైఫెంగ్ ఆటలో ఏం మారింది?

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 14 ఏళ్లు, బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడతాడు. మూడేళ్లుగా కలిసి ఆడిన పిల్లాడు ఊరు మారిపోయాడు. కొత్త జోడీతో కుదరక వీడికి ఒకటే టెన్షన్. షటిల్ మధ్యలోకి రాగానే ఇద్దరూ ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

చైనా ఆటగాడు ఫూ హైఫెంగ్ అంటే వాడికి ప్రాణం. ఆయన కాయ్ యున్‌తో నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం. తర్వాత ఝాంగ్ నాన్‌తో జతకట్టి 2016 రియోలోనూ స్వర్ణం గెలిచాడు. మలేషియా జోడీపై ఆఖరి గేమ్ 23-21! అది ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు.

జోడీ మారినా, ఫూ వెనక నుంచి బలంగా కిందికి కొట్టే ఆ స్మాష్ మాత్రం అలాగే ఉండేది. మరి మారిందేమిటి? సర్వీస్ తర్వాత నిలబడే చోటా, మధ్యలో షటిల్ ఎవరు తీసుకోవాలన్న పద్ధతా? కోచింగ్ ఇచ్చేవాళ్లు, ఆ మ్యాచ్‌లు శ్రద్ధగా చూసినవాళ్లు దయచేసి చెప్పండి. జిల్లా పోటీలు వచ్చే నెలలోనే.