విశాఖ ఉప్పుగాలికి కార్నాబా వ్యాక్సా, సీలెంటా?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి):
మిత్రులకు నమస్కారం. నాలుగేళ్లు వాడిన ముదురు నీలం కారును గత నెలలో కొన్నాను. మాకు పైకప్పు ఉన్న పార్కింగ్ లేదు కనుక రాత్రంతా అది వీధిలోనే ఉంటుంది. పెయింటును కాపాడే పూత కోసం వెళితే, దుకాణంలో పేస్టు వ్యాక్స్, సీలెంట్, సెరామిక్ స్ప్రే, రబ్బింగ్ కాంపౌండ్ అన్నీ ఒకే అరలో కనిపించాయి. కొత్తవాడు మొదట ఏది కొనాలో దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (సీతమ్మధార):
నేను కార్నాబానే వాడమంటాను. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం ఇది. ముదురు రంగులకు ఇది తెచ్చే నిగారింపు నాకు మరి దేనిలోనూ కనిపించలేదు. చేత్తో పలచగా పూసి, ఆరాక తుడిస్తే సరిపోతుంది; పూయడంలో పొరపాటు జరిగినా మళ్లీ తుడిచి సరిచేసుకోవచ్చు.

జవాబు 2 (పెదవాల్తేరు):
నిగారింపు విషయంలో మీతో వాదించను గాని, అది ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే నా అభ్యంతరం. ఆరుబయట నిలిపే కారు మీద, మన ఎండకూ వానకూ కార్నాబా పొర కొన్ని వారాల్లోనే పలచబడుతుంది. కృత్రిమ పాలిమర్లతో చేసిన సీలెంట్ కొన్ని నెలలు నిలుస్తుంది. తీరానికి దగ్గరగా ఉండేవారు తెల్లవారుజామున బానెట్ మీద వేలు రాసి చూస్తే జిడ్డుగా తగిలే ఉప్పు తేమ తెలుస్తుంది. ఎక్కువ కాలం నిలిచే పొర అవసరమని నేను అనేది అందుకే.

అయితే అడిగినవారు ముందుగా కొనవలసినవి ఈ రెండూ కావు. కారు షాంపూ, రెండు బకెట్లు, మంచి మైక్రోఫైబర్ గుడ్డలు తెచ్చుకోండి. గిన్నెలు తోమే సబ్బయితే, కారుకు పూసిన వ్యాక్స్‌ను కూడా ఊడ్చేస్తుంది. కడిగి ఆరబెట్టిన తరువాత చేతికి పలచటి పాలిథిన్ సంచి తొడుక్కుని పెయింటు మీద మెల్లగా నిమరండి: కంటికి కనిపించని గరుకు వేళ్లకు తెలుస్తుంది. గరుకు ఉంటే, ఆ చోటును మళ్లీ తడిపి, తడి ఆరనివ్వకుండా క్లే బార్‌తో (పెయింటుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్దతో) తీయాలి. ఆ ముద్ద నేల మీద పడితే ఇసుక అంటుకుంటుంది కనుక పారేయవలసిందే. రబ్బింగ్ కాంపౌండ్‌ను మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దని గట్టిగా కోరుతున్నాను. రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర, అంటే క్లియర్ కోట్, మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే ఉంటుంది. కాంపౌండ్ దానినే అరగదీస్తుంది, అరిగినది మళ్లీ రాదు.

జవాబు 1 (సీతమ్మధార):
కడగడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కాని చాలా సీలెంట్లు పూర్తిగా గట్టిపడేవరకు కొన్ని గంటలు తడి తగలకూడదు. వీధిలో నిలిపే కారును రాత్రి మంచు నుంచి ఎలా కాపాడతారు? పైకప్పు లేనివారికి కార్నాబాయే ఆచరణలో కుదురుతుందని ఇప్పటికీ నమ్ముతున్నాను.

జవాబు 2 (పెదవాల్తేరు):
ఉదయమే నీడలో పూస్తే సాయంత్రానికి ఆ గడువు తీరుతుంది. డబ్బా మీద రాసిన సమయం చూసుకొని, వాన సూచన లేని రోజును ఎంచుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
సంచితో నిమిరి చూశాను. తలుపులు నున్నగానే ఉన్నాయి. బానెట్, పైకప్పు మాత్రం గరుకు కాగితంలా తగిలాయి. ఈ ఆదివారం ఎండ ముదరక ముందే వేపచెట్టు నీడలో ఆ రెండింటికీ క్లే చేసి, కారంతా సీలెంట్ పూస్తాను. నీలి రంగు మీద మోజు తీరకపోతే, సీలెంట్ గట్టిపడిన తరువాత దాని పైన కార్నాబా పూయవచ్చునా?

జవాబు 1 (సీతమ్మధార):
నిరభ్యంతరంగా పూయవచ్చు, సీలెంట్ కింద, కార్నాబా పైన.