బుడమేరు కట్టల మీది ఇళ్లు తీసేయాల్సిందేనా?

పటమట వాసి: 2024 సెప్టెంబరు 1న మన ఊరి పక్కన పారే బుడమేరు వాగు పొంగి దాదాపు సగం విజయవాడ మునిగింది. ఏరు పారే చోట ఇళ్లు కడితే ఇంకేమవుతుంది? ఆక్రమణలు తీసేయాలి. మీరేమంటారు?

సింగ్‌నగర్ అన్న: ఆక్రమణ అనే ముందు కాస్త ఆలోచించండి. మా నాన్న 60 గజాలు రిజిస్ట్రేషన్ చేయించుకుని కొన్నాడు. ఇంటి పన్ను ఏటా కడుతున్నాం. ఆదివారం పొద్దున మోకాలిలోతు నీళ్లు, సాయంత్రానికి స్విచ్‌బోర్డులు మునిగాయి. నాలుగు రోజులు డాబా మీదే. దిగొచ్చేసరికి తడిసిన బియ్యం బస్తా కుళ్లి కంపు కొడుతోంది, అమ్మ షుగర్ మందులు బురదలో ఉన్నాయి.

గాంధీనగర్: రిజిస్ట్రేషన్ ఉంటే ఏరు ఆగదుగా.

మైలవరం మాస్టారు: నీళ్లు మా కొండల నుంచే వస్తాయి. వెలగలేరు రెగ్యులేటర్ (నీళ్లు వదిలే గేట్లు) దగ్గర మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి పంపాలి. అప్పుడు కృష్ణే పొంగుతోంది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కాలువ నీళ్లు నదిలోకి ఎలా పోతాయి? ఆ కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఇందులో సింగ్‌నగర్ వాళ్ల తప్పేముంది?

పటమట వాసి: గండ్ల సంగతి కాదు, ఇళ్ల సంగతి అడిగాను.

కొల్లేటి రైతు: బుడమేరు చివరికి మా కొల్లేట్లోకే రావాలి. 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు హద్దు) లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మాది రెండెకరాలు, పోయింది. తర్వాత డబ్బున్నవాళ్ల చెరువులు మళ్లీ లేచాయి. మీ దగ్గరా అంతే అవుతుంది.

పటమట వాసి: అందరూ ఇలాగే అంటే ఏరు ఎటు పోవాలి? గట్టు మీద కట్టుకుని ప్రభుత్వాన్ని తిట్టడం బాగుంది!

సింగ్‌నగర్ అన్న: నోరు అదుపులో పెట్టుకోండి. ఏరు వెడల్పు చెయ్యొద్దని నేనన్నానా? నీళ్లొస్తున్నాయని ముందురోజు రాత్రి మా వీధిలో ఒక్కరూ చెప్పలేదు. మొన్న ఎవరో వచ్చి గోడకి ఎర్రరంగు గీత కొట్టారు. ఎందుకంటే పలకలేదు. ఏరు హద్దు ఎక్కడిదాకానో మమ్మల్ని కూర్చోబెట్టి మ్యాపు చూపించి చెప్పమనండి. పెద్ద వెంచర్ల గోడలకీ ఆ గీత కొట్టమనండి. అప్పుడు మాట్లాడదాం.

మైలవరం మాస్టారు: ఇదీ అసలు మాట.

పటమట వాసి: మా చెల్లెలు రాజరాజేశ్వరిపేటలో ఉంటుంది. మూడు రోజులు ఫోన్ కలవలేదు. ఆ టెన్షన్ మీకు తెలియదు. మళ్లీ ఆ రాత్రి రాకూడదనే అంటున్నా.

సింగ్‌నగర్ అన్న: వాళ్ల గోడకీ గీత కొట్టారా?

పటమట వాసి: కొట్టారు. ఖాళీ చేయమంటే చేయనంటోంది. వారం నుంచి నాతో మాట్లాడట్లేదు.