రోమన్ కాలపు బ్రోచ్‌పై ఉన్నది కుందేలా, వేటకుక్కా?

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో, యజమాని అనుమతితో దున్నిన పొలంలో మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుండగా, సుమారు 15 సెంటీమీటర్ల లోతున, పరుగెత్తే జంతువు ఆకారంలో ఉన్న చిన్న రాగి మిశ్రమపు బ్రోచ్ (బట్టలకు గుచ్చుకునే అలంకారపు పిన్ను) ఒకటి నాకు దొరికింది. దాని పొడవు 31 మిల్లీమీటర్లు, బరువు 5.4 గ్రాములు. వెనుక సూది ఊడిపోయింది గాని, దాని మొన ఆనే కొక్కెం మిగిలే ఉంది. ఒంటిమీద ఎనామిల్ (రంగు గాజు పూత) నింపడానికి చేసిన మూడు గుంటల్లో ఒకదానిలో నీలిరంగు ఇంకా నిలిచి ఉండటం నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించింది.

చెవులు వెనక్కి వాలి మెడకు ఆనుకొని ఉన్నందున కుందేలనిపిస్తుంది. కాని మూతి కాస్త పొడవుగా ఉంది, విరిగిపోయిన తోక మొదలు సన్నగా కిందికి వంగి ఉంది. ప్రజలకు దొరికిన పురావస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ వారి డేటాబేస్‌లోని ఫొటోలతో పోల్చి చూసినా, పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటోలు తీసి పెద్దవి చేసి చూసినా సందేహం తీరలేదు. ఎనామిల్ రాలుతుందేమోనన్న జాగ్రత్తతో నీళ్లు తగలనివ్వకుండా మెత్తని బ్రష్‌తో మాత్రమే మట్టి తీశాను. బ్రిటన్ ప్రజలు కుందేలు మాంసం తినడం తగదని భావించేవారని జూలియస్ సీజర్ రాశాడు కాబట్టి, ఇది ఏ జంతువో సరిగ్గా తేలడం నాకు ముఖ్యం.

మూతి, చెవులు, తోక మొదలు, ఈ మూడింటిలో దేని ఆధారంగా ఇలాంటి బ్రోచ్‌ను కుందేలని గాని వేటకుక్కని గాని నిర్ధారించవచ్చు?