కోళ్ల షెడ్డు వేస్తే ఊరికి నష్టమా, ఆదివారం మాంసం తింటే లోకానికి నష్టమా? మా ఇంట్లో గొడవ కాస్త తేల్చండి

రాజాం_కుర్రోడు:

అందరికీ నమస్కారం. విషయం ఏటంటే మా నాన్న ఈ ఏడు బ్రాయిలర్ షెడ్డు వేద్దామని ఒకటే పట్టు మీద ఉన్నారు. 5000 కోళ్లది. పిల్లలు, మేత, మందులు కంపెనీవాళ్లే ఇస్తారు, షెడ్డు, ఊక, కరెంటు, చాకిరీ మనవి, కోళ్లు ఎత్తుకెళ్లేక కేజీకి ఇంతని గ్రోయింగ్ చార్జీ పడుతుంది. గెడ్డ (వాగు) పక్కన మాకు 60 సెంట్లు మెట్ట ఉంది, అక్కడే వేస్తానంటున్నారు. ఇంటిదగ్గర రెండు గేదెలు, ఒక ఆవు ఎలాగూ ఉన్నాయి.

మా చెల్లి వైజాగ్‌లో ఎమ్మెస్సీ చేస్తోంది. మొన్న ఆదివారం వచ్చింది. అమ్మ పొట్టేలు మాంసం వండింది, అందరం కూచున్నాం, అది కంచం ముందు కూచుని ఈ కూర వెనకాల ఎంత కార్బన్ ఉందో తెలుసా అని మొదలెట్టింది. గొడ్లు గాలిలోకి మీథేన్ వదుల్తాయట, మాంసం కోసం అడవులు పోతున్నాయట, కేజీ మాంసానికి వేల లీటర్ల నీళ్లట. దానికి తోడు మనం ఇప్పుడు షెడ్డు కూడా వేస్తామా అంది. నాన్న ఏమన్నారంటే "మా తాత గొడ్లు మేపేడు, ఆయన తాతా మేపేడు, అప్పుడు లేని ఎండ ఇప్పుడెందుకొచ్చిందో ముందు కార్లోళ్లని అడుగు" అని చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. అమ్మకి కోపం ఇద్దరి మీదా, కేజీ మాంసం రేటు తెలుసు కదా.

నాకైతే ఇద్దరు చెప్పిందీ నిజమే అనిపిస్తోంది, అదే నా బాధ. తెలిసినోళ్లు చెప్పండి. షెడ్డు వల్ల నిజంగా ఏం పోతుంది? దయచేసి మాంసం తినొచ్చా తినకూడదా అని దేవుడి గొడవలోకి తీసుకెళ్లొద్దు.

పాలకొండ_అగ్రి:

మీ చెల్లెలు చెప్పింది తప్పు కాదండీ, కానీ అన్నిట్నీ ఒకే గంపలో పడేసింది. విడదీసి చెప్తాను.

గేదె నెమరేస్తుంది కదా, దాని పొట్టలో ఉన్న సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టినప్పుడు మీథేన్ పుడుతుంది, అది ఎక్కువగా త్రేన్పుల్లోంచి వస్తుంది, అందరూ జోకులేసుకునే రెండో దారిలోంచి వచ్చేది తక్కువ. ఆవు, గేదె, మేక, గొర్రె ఈ నాలుగూ నెమరేసేవే. కోడి నెమరెయ్యదు, పంది నెమరెయ్యదు. అందుకని లెక్కలో కోడికీ పొట్టేలుకీ చాలా తేడా వస్తుంది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది, ప్రపంచం మొత్తం మీద దాదాపు 38 వేల పైచిలుకు ఫారాల వివరాలు పోగేసి చేసింది. దాని ప్రకారం 100 గ్రాముల ప్రొటీన్ రావాలంటే మాంసం కోసమే పెంచే పశువుల బీఫ్‌కి సగటున 50 కేజీల వేడెక్కించే వాయువులు వస్తాయి, గొర్రె మాంసానికి 20 కేజీలు, కోడికి ఆరు కేజీల లోపు, గుడ్లకి నాలుగు చిల్లర. బఠాణీలకి అర కేజీ కూడా లేదు. అన్నీ కార్బన్ డయాక్సైడ్‌కి సమానం చేసి చెప్పిన లెక్క.

పశువులన్నిటి వాటా ప్రపంచ ఉద్గారాల్లో, అంటే గాలిలోకి పోయే ఆ వాయువుల్లో ఎంత అంటే, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏవో 2006లో 18 శాతం అంది, 2013లో 14.5 అంది, 2023లో దాదాపు 12 అంది. అందుకే నెట్లో ఒకడు 18 అని ఒకడు 12 అని కొట్టుకుంటారు, ఇద్దరూ ఎఫ్ఏవో పేరే చెప్తారు. పద్ధతి మారింది, లెక్క మారింది.

ఇక మీ నాన్నగారి మాటలో కూడా పస ఉందండీ. మీథేన్ బాగా వేడెక్కిస్తుంది, 20 ఏళ్ల మీద చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్ల పైనే, కానీ గాలిలో పుష్కరం పాటు ఉండి పోతుంది. బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగ వందల ఏళ్లు పేరుకుంటూ ఉంటుంది. కాబట్టి కార్లోళ్లని అడగమనడం న్యాయమే. కాకపోతే ఆయన తాతగారి రోజుల్లో ఇన్ని గొడ్లు లేవు. 2019 పశుగణనలో మన దేశంలో ఆవులు ఎద్దులు కలిపి 19 కోట్లు, గేదెలు 11 కోట్లు, మేకలు 15 కోట్లకి దగ్గర, గొర్రెలు 7 కోట్లు దాటేయి. ఇంకోటి, వరి మడిలో నీళ్లు నిలవుంటే అడుగున మీథేనే పుడుతుంది. మన జిల్లాలో అన్నం కంచం కూడా పూర్తిగా శుద్ధం కాదు.

నీళ్ల సంగతి. బీఫ్ కేజీకి 15 వేల లీటర్లు అని తిరిగే అంకెలో 90 శాతం పైన వాన నీళ్లే, గడ్డి మీద పడ్డ వాన. కోడి మాంసానికి 4300 లీటర్లు అంటారు, అందులో ఎక్కువ భాగం దాని మేత పండించడానికే పోతుంది. అడవుల మాట బ్రెజిల్‌కి ఎక్కువ పడుతుంది, అమెజాన్‌లో చెట్లు కొట్టడానికి పెద్ద కారణం పశువుల పచ్చికబయళ్లే. రాజాంలో మీ గేదె ఎవరి అడవీ తినలేదు, గడ్డికుప్ప తింది.

బొబ్బిలి_బాయిలర్:

నేను షెడ్డు వేసినోణ్ణే, నాలుగేళ్లయింది, కాబట్టి పుస్తకంలోది కాదు చెప్పేది.

తమ్ముడూ ముందు మేత లెక్క చూడు. కోడి కేజీ బరువు పెరగాలంటే 1.6, 1.7 కేజీల మేత తింటాది. 5000 కోళ్లు తలా రెండు కేజీలొస్తే 10 టన్నులు, దానికి 16, 17 టన్నుల మేత. అందులో సగం పైన మొక్కజొన్న, పది టన్నులు అనుకో. ఎకరాకి 25, 30 క్వింటాళ్లు పండితే నాలుగెకరాల మొక్కజొన్న ఒక బ్యాచ్‌కి. ఏడాదికి అయిదు బ్యాచ్‌లు. అంటే 60 సెంట్లలో కూచున్న నీ షెడ్డు ఏడాదికి 20 ఎకరాల జొన్న తింటాది, సోయా చెక్క వేరే. ఆ జొన్నకి వేసిన యూరియా, కొట్టిన మందు, తోడిన బోరు నీళ్లు అన్నీ ఆ కోడి ఖాతాలోకే. మీ చెల్లి దగ్గర ఈ లెక్క ఉందో లేదో గానీ నాకు మేత లారీ దిగినప్పుడల్లా గుర్తొస్తాది.

ఇక ఊరికి నష్టం అంటే లిట్టర్, ఊకా కోళ్ల రెట్టా కలిసింది. కింద ఊక వేస్తాం కదా, పొడిగా ఉన్నన్నాళ్లు ఏం కాదు, చేత్తో పిడికెడు తీసి నొక్కి వదిలితే పొడిపొడిగా రాలాలి. ముద్దకడితే అయిపోయినట్టే. కోళ్లు నీళ్లు తాగే గొట్టానికుండే నిపుల్ ఒకటి కారుతుంటే నువ్వు చూడకపోతే రెండ్రోజుల్లో ఆ జాగా నల్లగా అయిపోద్ది, అమ్మోనియా లేస్తాది, పొద్దున్న పరదా ఎత్తి లోపలికెళ్తే నీ కళ్లు మండి నీళ్లు కారతాయి. ఇంక ఈగలు. వానాకాలంలో రెండు పూటలా గొర్రుతో ఊక తిరగెయ్యాలి, సున్నం చల్లాలి. చాలామంది చెయ్యరు, నేనూ మొదటి ఏడు చెయ్యలేదు, మా పక్కపొలం ఆయన నాతో ఆరు నెలలు మాట్లాడలేదు.

చచ్చిన కోళ్లకి గొయ్యి తవ్వి మూత పెట్టుకో, సున్నం వేసుకో. ఎంత బాగా చూసుకున్నా బ్యాచ్‌కి వంద, రెండొందలు పోతాయి, ఎండల్లో ఇంకా పోతాయి. లిట్టర్ మంచి ఎరువే, నత్రజని పశువుల గత్తం కంటే అయిదారు రెట్లుంటాది, కానీ పచ్చిది వేస్తే మొక్క మాడిపోద్ది, కుప్పేసి మాగబెట్టాలి. ఆ కుప్ప గెడ్డ పక్కన పెట్టేవో, ఒక్క వానకి నీ ఎరువంతా నాగావళిలో ఉంటాది.

ఊరిచివర_ఇల్లు:

నేను షెడ్డుకి ఇవతల పక్కనున్నదాన్ని. చీపురుపల్లి వైపు. మా ఇంటికీ దానికీ మధ్య ఒక జీడితోట, అంతే.

బ్యాచ్ వేసిన మొదటి ఇరవై రోజులు ఏం తెలీదు. ముప్పై దాటాక సాయంత్రం గాలి ఇటు తిరిగితే అన్నం సయించదు. ఈగలు ఎలాగుంటాయంటే పాపకి పాలు కలిపి గ్లాసు కింద పెట్టకూడదు, చేత్తో మూసుకునే ఇవ్వాలి. బట్టలు ఆరేస్తే తాడు నల్లగా కనపడుద్ది. పోయినేడు తుఫానుకి పెద్ద వాన పడ్డప్పుడు గెడ్డలో యూరియా బస్తాలు రెండు కొట్టుకొచ్చి మా మెట్ల దగ్గర ఆగేయి, మా ఆయన కర్రతో తోసి చూస్తే చచ్చిన కోళ్లు. ఆ గెడ్డ నీళ్లే కింద బట్టలుతికే రేవుకి వెళ్తాయి. ఆయన్ని అడిగితే మావి కావన్నాడు. చుట్టుపక్కల మూడు ఊళ్లలో షెడ్డు ఆయనది ఒక్కటే.

అందుకే రాజాం తమ్ముడికి చెప్తున్నాను, ఇక్కడ మీథేన్ లెక్కలు తర్వాత. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోళ్లఫారాలకి నియమాలు పెట్టింది, కొత్తగా వేసే షెడ్డు ఇళ్లకి 500 మీటర్లు, గెడ్డ, చెరువు, కాలవలకి 100 మీటర్లు దూరం ఉండాలని. పెద్ద ఫారాలకే ఇవన్నీ అని అంటారు, ముక్కుకి చిన్నదీ పెద్దదీ తేడా తెలీదు. మీ 60 సెంట్లు గెడ్డ పక్కన అన్నారు. ఎంత పక్కన?

సిక్కోలు_చేప:

అంటే ఆదివారం ఎండుచేపలేనా మనకి ఇక. పోనీ రొయ్యల చెరువుల సంగతి కూడా ఎవరైనా ఎత్తండి, ఉప్పు నీళ్లు మా కొబ్బరితోటలోకి వచ్చేసేయి.

సంతకవిటి_పెదబాబు:

బాబూ, నేను పెద్దోణ్ణి, టైపు చెయ్యడం మనవడు చేస్తన్నాడు, తప్పులుంటే ఆడివి.

ఈ పశువుల వల్ల నష్టం నష్టం అంటన్నారు, పశువులు పోయాక వచ్చిన నష్టం ఎవుడూ రాయడం నేదు. మా ఊళ్ళో ముందు ఇంటికో జత ఎడ్లు, రెండు గేదెలు. వరిగడ్డి కుప్పేసుకుని ఏడాదంతా వేసేవోళ్లం, పేడ గోతిలో వేసి ఎండాకాలం బండికెత్తి పొలానికి తోలేవోళ్లం. గొర్రెలోళ్లు వస్తే మందకి ధాన్యం ఇచ్చి మన మడిలో రాత్రుళ్లు పడుకోబెట్టుకునేవోళ్లం, ఒక మంద నాలుగు రాత్రులు పడుకుంటే ఆ మడికి ఆ ఏడు సంచి ఎరువు అక్కర్లేదు. ఇప్పుడు మిషను కోతకొచ్చింది, గడ్డి ముక్కలు ముక్కలుగా మడిలోనే పడిపోద్ది, ఎత్తడానికి కూలి గిట్టదు, తినడానికి గొడ్డు నేదు, అగ్గెట్టేస్తన్నారు. ఆ పొగ ఎవరి ఖాతా? తర్వాత మినుము చల్లడానికి తడి కూడా ఉండదు ఆ మడిలో.

అలాగని అన్నీ మంచివే అనను. మేక సంగతి నాకు తెలుసు. కొండకి మేకల్ని తోలితే చిగురన్నది మిగల్దు, మా కొండ మీద జీడి మొక్కలు మూడుసార్లు వేసేరు, మూడుసార్లూ మేకలే తిన్నాయి. తప్పు మేకది కాదు, తోలినోడిది, ఆడికి వేరే మేపు నేదు మరి.

గోబర్ గ్యాసు కట్టించుకోమను మీ నాన్నని. నేను కట్టించేను. రెండు ఘనమీటర్ల తొట్టికి రోజుకి 50 కేజీల పేడ కావాల. గేదె 15 కేజీలు వేస్తాది, ఆవు 10, మీకు మూడు గొడ్లకి 40 వస్తాది, కాబట్టి దానికంటే చిన్న తొట్టె చాలు. గోతిలో పచ్చిగా కుళ్లితే గాల్లోకి పోయే గ్యాసే ఇక్కడ పొయ్యిలో మండుతాది, మిగిలిన ముద్ద గత్తం కంటే మంచిది. మాది పన్నెండేళ్లు మండింది. తర్వాత మా పెద్దోడు గేదెల్ని మానాపురం సంతలో అమ్మీసేడు, తొట్టి ఎండిపోయింది, ఇప్పుడు అందులో కొబ్బరి డొక్కలు పడేస్తన్నారు.

పాలకొండ_అగ్రి:

పెదబాబుగారూ, గడ్డి విషయంలో మీరు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను, కోప్పడకండి. ఒట్టి వరిగడ్డి మీద బతికే గేదె రోజుకి రెండు లీటర్లిస్తే, పచ్చగడ్డీ తవుడూ చెక్కా తిని ఎనిమిది లీటర్లిచ్చే దానికంటే లీటరు పాలకి మీథేన్ ఎక్కువ పడుతుంది. గడ్డి నారలాంటిది, అరగడానికి ఎక్కువ పులియాలి. కాబట్టి రెండు మంచి గేదెలు నాలుగు బక్క గేదెల కంటే నయం. బెంగళూరులోని పశు పోషణ సంస్థవాళ్లు హరిత్ ధార అని ఒక దాణా పొడి చేసేరు, టానిన్లనే వగరు పదార్థాలుండే మొక్కలతో, అది మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని చెప్పేరు. మన మండలాల్లో దొరికినప్పుడు చూద్దాం, ఈలోగా పచ్చగడ్డి ఒక ఇరవై సెంట్లు వేసుకోవడం మన చేతిలో పని.

సంతకవిటి_పెదబాబు:

కోపమేటమ్మా. ఎనిమిది లీటర్ల గేదె ఎంతకొస్తాదో కూడా రాయి.

రాజాం_కుర్రోడు:

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం నేనూ చెల్లీ వెళ్లి కొలిచేం. ఫోన్‌లో మ్యాప్ పెట్టి కొలిస్తే నాన్న నమ్మరని అరక కట్టే పగ్గం పట్టుకెళ్లి మీటర్లేసి కొలిచేం. గెడ్డ గట్టు నుంచి షెడ్డు మూల పడేచోటికి 38 మీటర్లు. దగ్గరి ఇల్లు 210. మా సొంత బోరు 25. ఆ బోరు నీళ్లే మేం తాగేది, ఇన్నాళ్లూ ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు, నాన్నకి కూడా.

నాన్నకి ఊరిచివర అక్క రాసిన బస్తాల సంగతి చదివి వినిపించేను. ఏం అనలేదు. రాత్రి అన్నం తిన్నాక మాత్రం "20 ఎకరాల జొన్న" అని ఒకసారి తనలో తనే అనుకున్నారు. పైన కొండవార మాకు ఇంకో ఎకరం ఉంది, ఇళ్లకీ నీళ్లకీ దూరం, కానీ అక్కడికి కరెంటు లైను లేదు, స్తంభాలకి ఎంతవుతుందో కనుక్కుంటున్నారు. లేకపోతే షెడ్డు మానేసి ఇంకో గేదె కొందామా అని అమ్మనడుగుతున్నారు, అమ్మ పేడ ఎవరెత్తుతారని అడిగింది, దానికి ఇంకా జవాబు రాలేదు.

చెల్లి పొట్టేలు మాని కోడి, గుడ్లు తింటానంది. పైడితల్లి పండక్కి మాత్రం తింటుందట, అది లెక్కలోకి రాదట. సరే.

బొబ్బిలి_బాయిలర్: కొండవార అంటే స్తంభాల రేటు కంటే ముందు నీళ్లు పడతాయో లేదో చూపించుకో. 5000 కోళ్లు ఎండాకాలంలో చివరి వారం రోజుకి రెండువేల లీటర్ల పైన తాగుతాయి. నాకు బోరు ఎండిపోయి ఒక బ్యాచ్‌కి ట్యాంకర్లు తోలించేను, ఆ బ్యాచ్‌లో మిగిలింది ఊకే.