పెళ్లి అన్నం వేశాక గోబర్ గ్యాస్ అంటుకోవట్లేదు

గేదెల రైతు, భీమవరం:
మాది 2 ఘనపు మీటర్ల దీనబంధు ప్లాంటు, అదే భూమిలో కట్టే గుమ్మటం రకం. రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు. ఆరేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. పోయిన వారం ఇంట్లో పెళ్లి. మిగిలిన అన్నం, సాంబారు పారబోయడం ఎందుకని ఐదారు బకెట్లు తొట్టిలో పోశాను. రెండ్రోజులు గ్యాస్ ఎక్కువే వచ్చింది. ఇప్పుడు పొయ్యి వెలిగించిన వెంటనే ఆరిపోతోంది. బయటికొచ్చే స్లర్రీ (పేడనీళ్లు) పుల్లటి కంపు. లోపలికి దిగి తోడేద్దామా?

పాతకాపు:
దిగొద్దు తమ్ముడూ! లోపల గాలి ఉండదు, పైగా విషవాయువు. దిగినవాడు, కాపాడబోయినవాడు ఇద్దరూ పోతారు.

నీలిమంట:
అన్నం పేడలా కాదండి, తొందరగా పులుస్తుంది. ఆ పులుపుకి మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు డీలా పడతాయి. ఇప్పుడు మీ పైపులో వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, అదెలా మండుతుంది? పది రోజులు ప్లాంటులో ఏమీ వేయకండి. తర్వాత కొద్దికొద్దిగా తాజా పేడే.

సున్నంబకెట్:
నేను సున్నపు తేట పోశాను, పనిచేసింది. ఒకేసారి కాదు, పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితంతో చూసుకుంటూ. 7 దగ్గరికి, అంటే పులుపు పోయేదాకా, రాగానే ఆపాను.

అపార్ట్‌మెంట్ అక్క, హైదరాబాద్:
మరి మా బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్తతో 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారని 2021 జనవరి మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు. అక్కడ పులవదా?

నీలిమంట:
మంచి ప్రశ్న అక్కా. అక్కడ ఐఐసీటీ (హైదరాబాద్‌లోని కేంద్ర రసాయన పరిశోధన సంస్థ) వాళ్ల పద్ధతి. చెత్తను ముందే ముక్కలు చేసి, నలిపి, కొలతగా పంపుతారు. మనం పెళ్లి బకెట్లు కుమ్మరిస్తాం! వంటింటి చెత్త వేయొచ్చు, రోజూ కాస్త కాస్త. నిమ్మ తొక్కలు, నూనె మాత్రం నేను వేయను.

పాతకాపు:
మంట ఎగిరెగిరి పడితే మాత్రం అది వేరే కథ. పైపులో నీరు చేరి ఉంటుంది, పల్లంలో ఉన్న కుళాయి విప్పి వదిలేయండి.

గేదెల రైతు, భీమవరం (పదిహేను రోజుల తర్వాత):
దిగలేదు పెద్దాయనా. పదకొండు రోజులు ఆపాను, సున్నం జోలికి పోలేదు. నిన్న నీలం మంట వచ్చింది, అమ్మ టీ పెట్టింది. ఈసారి ఫంక్షన్ అన్నం అంతా గేదెలకే పెడదామంటే, వాటికీ అజీర్ణం చేస్తుందని మా ఆవిడ కేకలేస్తోంది.