‘సాక్రా కన్వర్సజియోనె’ని తెలుగులో ఏమందాం?

మన గ్రూపులో ఒక సభ్యురాలు అడిగారు: “చిత్రకారుడు రూబెన్స్ గీసిన పునీతుల (సెయింట్ల) చిత్రం మీద వ్యాసం రాస్తున్నాను. మరియమ్మతో పాటు వేర్వేరు కాలాల పునీతులు ఒకేచోట ఉన్నట్టు గీసే ఆ రకం చిత్రాలను ఇటాలియన్‌లో సాక్రా కన్వర్సజియోనె అంటారు. ‘పవిత్ర సంభాషణ’ అని రాశాను. సరిపోతుందాండీ?”

జవాబు కాస్త పెద్దది, అందుకే విడిగా పెడుతున్నాను. నా ఉద్దేశంలో సరిపోదు. ఎందుకో ఆవిడ ఎంచుకున్న చిత్రమే చెబుతుంది.

రోమ్‌లో సాంతా మరియా ఇన్ వల్లిచెల్లా అనే గుడి ఉంది. అక్కడివాళ్ళు కియెసా నువోవా, అంటే కొత్త గుడి అంటారు. 1575లో ఫిలిప్ నేరి స్థాపించిన ఒరెటోరియన్ సభ అనే కతోలిక గురువుల సంఘానికి అది దక్కింది. వాళ్ళు 1606లో ప్రధాన బలిపీఠం వెనుక పెట్టడానికి పెద్ద చిత్రం గీయమని రూబెన్స్‌కి అప్పజెప్పారు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. గీయాల్సినవాళ్ళు ఆరుగురు: పోపు గ్రెగరీ, డొమితిల్లా, నేరియుస్, అకిల్లియుస్, మౌరుస్, పాపియానుస్.

వీళ్ళ కాలాలు చూడండి. గ్రెగరీ పోపుగా ఉన్నది 590 నుంచి 604 వరకు. డొమితిల్లా మొదటి శతాబ్దపు రోమన్ రాజకుటుంబ స్త్రీ అనీ, నేరియుస్, అకిల్లియుస్ ఆమె పరివారమనీ సంప్రదాయం చెబుతుంది. మౌరుస్, పాపియానుస్ సైనికులు, వేదసాక్షులు, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ళు. వీళ్ళంతా బతికుండగా ఒకచోట కలుసుకునే అవకాశమే లేదు. అయినా రూబెన్స్ అందరినీ ఒకే కమాను కింద నిలబెట్టాడు. కమాను పైన మరియమ్మ పటం. గ్రెగరీ చూపు పైకి ఉంది. పట్టుబట్టల్లో డొమితిల్లా, కవచాల్లో సైనికులు. ఇంతమంది ఉన్నా అక్కడ మాటలు నడుస్తున్నట్టు అనిపించదు. ఇంకా వెనక్కి వెళ్తే వెనిస్‌లోని సాన్ జక్కారియా గుడిలో బెల్లీని అనే చిత్రకారుడు 1505లో గీసిన చిత్రంలో మౌనం మరీ గాఢంగా ఉంటుంది. పేతురు, కేథరిన్, లూసీ, జెరోమ్ ఎవరి లోకంలో వాళ్ళుంటారు. దేవదూత వాద్యం ఒక్కటే వినిపిస్తున్నట్టు ఉంటుంది.

మరి ‘కన్వర్సజియోనె’ అని ఎందుకన్నారు? ఈ పేరు బెల్లీని కాలంలో వాడుకలో ఉన్నది కాదు, చాలా తర్వాత స్థిరపడింది. కానీ దాని వెనుక ఉన్న లాటిన్ మాట ‘కన్వర్సాతియో’కి పాత అర్థం కలిసి మెలగడం, ఒకచోట బతకడం, నడవడి. మాట్లాడుకోవడం అనే అర్థం తర్వాత బలపడింది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం ఇరవయ్యో వచనంలో లాటిన్ బైబిల్ ఈ మాటే వాడింది: “నోస్త్రా ఔతెమ్ కన్వర్సాతియో ఇన్ చేలిస్ ఎస్త్.” 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ కూడా అక్కడ కాన్వర్సేషన్ అనే అంది. మన తెలుగు బైబిల్లో అదే వచనం “మన పౌరస్థితి పరలోకమునందున్నది.” మూలంలోని గ్రీకు మాటకి పౌరస్థితి చక్కగా అతికింది. సంభాషణ అనే ఆలోచనే అక్కడ లేదు.

అందుకే నా ఓటు ‘సహవాసం’కి. సహ, వాసం: కలిసి ఉండటం. “ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు” అన్నప్పుడు మనం మాటల గురించి చెప్పడం లేదు కదా, ఒకరి పక్కన ఒకరు బతకడం గురించి చెబుతున్నాం. పైగా ఇది కొత్తగా పుట్టించే పదం కాదు. “పరిశుద్ధుల సహవాసము” అని విశ్వాస ప్రమాణంలో ఎన్నో తెలుగు సంఘాలు ఆదివారం ఆదివారం పలుకుతూనే ఉన్నాయి. ఆ సహవాసంలో బతికున్నవాళ్ళూ ఉన్నారు, పోయినవాళ్ళూ ఉన్నారు.

ఈ చివరి మాట రూబెన్స్ చిత్రానికి మరీ దగ్గరగా వస్తుంది. చిత్రం గుడిలో పెట్టి చూస్తే వెలుతురు దాని మీద పడి మెరిసింది, బొమ్మలు సరిగ్గా ఆనలేదు. ఇటలీలోని మాంటువాను ఏలే డ్యూకు దాన్ని కొంటాడేమోనని రూబెన్స్ ప్రయత్నించాడు, కుదరలేదు. గుడి కోసం 1608లో మళ్ళీ గీశాడు, ఈసారి మెరుపు రాకుండా పలక రాయి మీద, మూడు భాగాలుగా. మధ్యలో దేవదూతలతో మరియమ్మ, ఒక పక్క ముగ్గురు పునీతులు, ఇంకో పక్క ముగ్గురు. ఒకే చిత్రంలో ఉన్నవాళ్ళు విడిపోయారు, నిజమే. కానీ బలిపీఠం దగ్గర నిలబడి ప్రార్థించేవాళ్ళు ఇప్పుడు వాళ్ళ మధ్యలోకి వచ్చేశారు.

మొదటి చిత్రం ఏమైంది? అదే ఏడాది తల్లి జబ్బు కబురు విని రూబెన్స్ తల్లి ఉండే ఆంట్వెర్ప్‌కి బయలుదేరాడు. చేరేసరికి ఆమె లేదు. ఆ చిత్రాన్ని సెయింట్ మైకేల్ మఠంలో తల్లి సమాధి దగ్గర పెట్టించాడు. అమ్మను ఈ ఆరుగురి ‘సంభాషణ’ దగ్గర ఉంచాడంటే నాకు ఏమీ అందదు. వాళ్ళ సహవాసంలో ఉంచాడంటే ఆ కొడుకు మనసు తెలుస్తుంది. తర్వాత ఫ్రెంచి సైన్యం దాన్ని పట్టుకుపోయింది. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ మ్యూజియంలో ఉంది, నాలుగున్నర మీటర్లకు పైగా ఎత్తు.

ఆవిడ ప్రశ్న కింద వ్యాఖ్యల్లో వచ్చిన సూచనల మీద:

‘గోష్ఠి’ అన్నవారి మాట కొట్టిపారేయలేను. గోష్ఠం అంటే ఆవుల కొట్టం. అక్కడి నుంచి నలుగురు చేరే చోటు, ఆ తర్వాత వాళ్ళ మాటలు. అర్థం జరిగిన దారి అచ్చం కన్వర్సాతియోదే. శ్రీవైష్ణవ ఆలయాల్లో గోష్ఠి అంటే ఇప్పటికీ కలిసి పారాయణ చేసే భక్తుల బృందమే. కానీ మామూలు పాఠకుడికి గోష్ఠి అనగానే కవిగోష్ఠి, ఇష్టాగోష్ఠి గుర్తొస్తాయి, మళ్ళీ మాటల దగ్గరికే వెళ్తాం. ‘సత్సంగం’లో ఒక గురువు, వినేవాళ్ళు ఉంటారు. ఇక్కడ ఆ వరస లేదు.

‘పునీతులు’ అనాలా, ‘పరిశుద్ధులు’ అనాలా అని ఇంకొకరు అడిగారు. చిత్రం కతోలిక గుడిది కాబట్టి పునీతులు అనడమే న్యాయం. వేదసాక్షి అన్నదీ అందుకే. ప్రొటెస్టెంట్ వాడుకలో అయితే హతసాక్షి అంటారు. కాబట్టి శీర్షికలో ‘పునీతుల సహవాసం’ అని పెట్టి, మొదటి పేరాలో ఇటాలియన్ పేరు తెలుగు లిపిలో ఒకసారి ఇస్తే చాలండీ.

పాత కతోలిక ప్రార్థన పుస్తకాల్లో పునీతులకు ‘అర్చ్యశిష్టులు’ అనే అందమైన మాట ఉండేది. మీ ఇళ్ళల్లో అలాంటి పుస్తకాలుంటే, విశ్వాస ప్రమాణంలో ‘సహవాసము’ ఉన్నచోట వాళ్ళు ఏ మాట వేశారో ఫోటో తీసి పెట్టండి.