అప్‌డేట్: కాలిపూర్‌లో సముద్ర తాబేళ్ల గుడ్లు కాపాడే పనికి ఏం పట్టుకెళ్లాలని అడిగాను కదా

కాలిపూర్ ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గరి ఊరు. టార్చి తెమ్మన్నారు గానీ తెల్ల లైటు పనికిరాదు, తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లిపోతుంది. ఎర్ర లైటే వాడాలి. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే చీకటి!

అసలు పని, ఒడ్డున పెట్టిన గుడ్లను తీసి హేచరీకి, అంటే వాటిని మళ్లీ ఇసుకలో పూడ్చి కాపాడే చోటుకి, మార్చడం. ఆలివ్ రిడ్లే అనే రకం తాబేలు గూట్లో 100 చిల్లర ఉంటాయి, తడి ఇసుక అంటిన పింగ్‌పాంగ్ బంతుల్లా. పెట్టిన కొద్ది గంటల్లోనే తీయాలి. ఆలస్యమైతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. హేచరీ గొయ్యి సుమారు 45 సెం.మీ. లోతు, అడుగు కుండలా వెడల్పు. పైపైన తవ్వితే ఇసుక వేడెక్కి ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి. మరీ కాలితే ఏవీ పుట్టవు.

దోమలకన్నా ఇసుక ఈగలు ఘోరం. నిక్కర్లు వద్దు, కాళ్లకు కొబ్బరినూనె దట్టంగా.